నమిలే చప్పుడు

పని మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: కూల్చేసిన భవనం నుంచి వచ్చిన ఒక బరువైన తలుపు, అదే భవనం నుంచి వచ్చిన చెక్క బద్దల కట్టలు, మూతపడ్డ లాడ్జివాళ్ళు తూకానికి అమ్మేసిన దుప్పట్ల మూట, నడుమెత్తు ఇనుప సొరుగుల పెట్టెలు రెండు, మా అక్క గొంతు. చివరిది తప్ప మిగతావన్నీ నా పాత సామాన్ల అంగడిలో ఎవరూ అడగక, దుమ్ము పట్టి, చోటు తింటూ పడి ఉన్నవే.

అక్క గొంతు సంగతి ముందు చెప్పాలి. ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పేది. ఒకరోజు పైవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లు, అంకెలు, ‘బయలుదేరును’, ‘ఆలస్యముగా’ వంటి మాటలన్నీ విడివిడిగా చదివించుకున్నారు. వాటిని యంత్రంలో పెట్టుకున్నారు. ఆ తరువాత ఆమెను ఇంటికి పంపేశారు. ఇప్పటికీ ఆ బస్టాండులో పొద్దస్తమానం మా అక్కే మాట్లాడుతుంది. జీతం మాత్రం ఎవరికీ లేదు. ఇంత నికార్సయిన దోపిడీ నేను నా వ్యాపారంలో కూడా చూడలేదు. చూసి ఉంటే నేర్చుకునేవాణ్ణి.

మా బావ మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఉండి తింటున్నాడు. వేయించిన గింజలు, రస్కులు, ఏది దొరికితే అది, జేబులో పోసుకుని మరీ నములుతుంటాడు. ఆ ఇల్లు ఇన్నాళ్ళూ నడిచింది అక్క జీతం మీదే. అటువంటప్పుడు వినే పుస్తకాలు తయారుచేసే కంపెనీ ఒకటి ఆమె గొంతు బాగుందని కబురు పెట్టింది. ఇంట్లోనే చదివి పంపవచ్చు. నచ్చితే ఏడాదికి సరిపడా పుస్తకాలు ఇస్తారు. షరతు ఒక్కటే. ఆమె గొంతు తప్ప ఇంకే చప్పుడూ వినపడకూడదు. ముందు ఒక అధ్యాయం నమూనాగా పంపాలి. మూడుసార్లలో కుదరకపోతే పని వేరేవాళ్ళకు పోతుంది.

“ఇది కుదరకపోతే ఏం చేస్తావే అక్కా?” అని అడిగాను.

“ఏముందిరా, నీ అంగడికొచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. నీకూ మనిషి కావాలిగా.”

అదే జరిగితే నా అంగడి మునిగినట్టే. మా అక్క అబద్ధమాడదు. కొనడానికి వచ్చినవాడు “ఈ కుర్చీ గట్టిదేనా?” అంటే “కాదు నాయనా, నిన్ననే మా తమ్ముడు కాలు అతికించాడు” అంటుంది. ఆ పుస్తకాల పని రావడం ఆమెకెంత అవసరమో నాకూ అంతే అవసరం.

బావ ఫోనులో వీడియోలు చూసి రికార్డింగు గదికి కావలసినవి చెప్పాడు. కదలని బల్ల ఒకటి. గోడలకు తగిలించే మెత్తటి పలకలు, అంటే చెక్క చట్రాల్లో దళసరి గుడ్డ కూరి పైన పరదా బిగించినవి. అవి ఉంటే గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాదట. దుకాణంలో వాటి ధర కనుక్కుని వచ్చి బావ మంచినీళ్ళు అడిగాడు. నేను ఆ ధర విని మళ్ళీ చెప్పమన్నాను, నమ్మకం కుదరక.

“గుడ్డ కూరిన చట్రానికా అంత? నా అంగడి ఉండగా ఎవడి బొజ్జో నింపడమెందుకు? మనమే చేసుకుందాం” అన్నాను.

తలుపు, బద్దలు అమ్మినవాడిని బజారులో అందరూ తేనెసీసా అంటారు. పాత భవనాలు కూల్చి, అందులోని కలప అమ్ముకోవడం అతని పని. నోరు తెరిస్తే తియ్యదనమే. ఆ తియ్యదనం నాకు పుట్టెడు వెగటు. అతను అమ్మే కలపకు ఎప్పుడూ ముదురు గోధుమరంగు పూసి ఉంటుంది.

“పాత చెక్కకు రంగెందుకు వేశావయ్యా?” అని కొనేటప్పుడే అడిగాను.

“నీ మీద గౌరవం అన్నా. నీకు మాసిన సరుకు ఎట్లా ఇస్తాను? నీ దగ్గర అబద్ధమాడితే నా నాలుక కోసెయ్యి. టేకు అన్నా ఇది, చేవ తేలిన టేకు!”

నాలుక కోసుకుని నేనేం చేసుకోను? అమ్మడానికి కూడా పనికిరాదు. వేలి కణుపుతో కొట్టి చూశాను, గోరు దింపి చూశాను, ఎత్తి బరువు చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. బేరమాడి తెచ్చుకున్నాను.

ఇప్పుడు దాన్నే అక్క ఇంటికి చేర్చాను. రెండు ఇనుప పెట్టెల మీద తలుపు పడుకోబెడితే బల్ల అయింది. మధ్యలో పాత టైరు ట్యూబు ముక్కలు పరిచాను, ఇనుము గలగలలాడకుండా. తాళం కన్నంలోంచి మైకు తీగ కిందికి దించాను. ఆ కన్నం చూసి బావ “దీనికోసమే పుట్టిందోయ్ ఈ తలుపు” అని మురిసిపోయాడు. బద్దలు కోసి, మూలలకు ఎల్ ఆకారపు ఇనుప ముక్కలు బిగించి చట్రాలు చేశాం.

ఇక దుప్పట్లు. మూట విప్పగానే మా ముగ్గురి ముఖాలూ మూడు దిక్కులకు తిరిగిపోయాయి. మనుషులు ఒక్క పూట పడుకున్న చోట ఏమేం వదిలిపెట్టి పోతారో పాత సామాన్ల వ్యాపారికి తెలిసినంతగా వైద్యులకు కూడా తెలియదు. వెంట్రుకలు చుట్టుకున్న ఉండలు, ఊడిపోయిన పెట్టుడు గోరు, గాయం నుంచి పీకిన పట్టీ, ఎండిన టూత్‌పేస్టు, వీటన్నిటి మీదా పొగ వాసన, ఆ పొగను దాచాలని చల్లిన చవక సెంటు వాసన. ఒక దుప్పటిలో సగం కొరికిన బిస్కెట్టు దొరికింది. బావ కూడా దాన్ని ముట్టుకోలేదు.

“ఈ దరిద్రం నా గదిలోకి రావడానికి వీల్లేదు” అంది అక్క, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

“ఉతికిస్తానే!”

“ఉతికితే గుడ్డ పోతుంది గానీ వాసన పోదురా ఇది.”

వేడినీళ్ళల్లో, సోడాపొడిలో నానబెట్టి ఉతికించాను. నీళ్ళు గోధుమరంగులో వచ్చాయి, తరువాత బూడిదరంగులో. ఆ తరువాత ఇక చూడలేదు. అక్క చివరికి ఒప్పుకుంది, అవి చట్రాల లోపల, పరదా గుడ్డ వెనక, కంటికి కనపడకుండా ఉంటేనే అన్న షరతు మీద. అంతా బిగించాక చూస్తే గది దుకాణం బొమ్మలో ఉన్నట్టే ఉంది. తలుపు వేస్తే వీధి చప్పుడు మాయమైంది. ఖర్చు చూస్తే మేకులు, పరదా గుడ్డ, సోడాపొడి. నా ఛాతీ ఆ రోజు కొంచెం పొంగిన మాట నిజం.

అక్క నమూనా అధ్యాయం చదివి పంపింది. కంపెనీలో చప్పుళ్ళు సరిచూసే పెద్దమనిషి నుంచి జవాబు వచ్చింది. బావ ఫోను చూసి గట్టిగా చదివాడు.

“‘మీ గొంతు, ఉచ్చారణ చాలా బాగున్నాయి. అయితే మీరు చదువుతున్నంతసేపూ పక్కన ఎవరో ఏదో నములుతున్నారు. దయచేసి రికార్డింగు గదిలో ఎవరినీ తిననివ్వకండి.’”

చదవడం అయ్యేసరికి మేమిద్దరం అతని జేబు వైపు చూస్తున్నాం. చదువుతూ కూడా అతని దవడ ఆడుతూనే ఉంది.

“నేను కాదు!” అన్నాడు, నోట్లోది మింగి.

“ఏవండీ, గుమ్మం దగ్గర నిలబడి నమిలారా లేదా?”

“వంటింట్లో ఉన్నానే! నీ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకు ఒట్టు? ఆ రస్కుల మీద వెయ్యండి, నమ్ముతాను.”

అక్క చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం పెంచి, తను చదివినది తనే విన్నది. ముఖం చిట్లించి నాకిచ్చింది. నిజమే. ఆమె వాక్యం ఆపిన ప్రతిచోటా ఆ సందులో కరకరమని పొడి చప్పుడు. ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది. తాపీగా, ఆకలి తీరని వాడెవడో మైకు పక్కనే కూర్చుని ఎండు రొట్టె తింటున్నట్టు. విన్నకొద్దీ నా దవడలు బిగుసుకుపోయాయి. ఎదురుగా బావ ఉన్నాడు. ఆ చప్పుడుకూ ఆ ముఖానికీ నా మనసులో అప్పుడే ముడి పడిపోయింది. ఆ తరువాత అతను నీళ్ళు తాగినా నాకు వెగటు పుట్టేది.

రెండోసారికి పట్టుదలగా తయారయ్యాం. ఫ్రిజ్ ఆపేశాం. గోడగడియారం తీసి పక్క గదిలో గుడ్డలో చుట్టాం. బావను సెలూన్‌కు పంపించాం, పిలిచేదాకా రావద్దని చెప్పి. ఒకవేళ చప్పుడు పక్కింటి నుంచి గోడల్లోంచి వస్తోందేమోనని నాకు అనుమానం. అందుకని మిగిలిన బద్దలన్నీ తెచ్చి ఇంకా చట్రాలు చేశాను. అక్క తల వెనక ఒకటి, పైకప్పు కింద రెండు, కిటికీకి అడ్డంగా ఒకటి. గదిలో గోడ అన్నది కనపడలేదు. అక్క లోపల కూర్చుంటే పెట్టెలో సర్దిన గాజుసామాను గుర్తుకొచ్చింది.

ఈసారి జవాబు రెండు వాక్యాలే.

“‘గతంలో ఒకరు నమిలారు, ఈసారి విందు జరుగుతున్నట్టుంది. తదుపరి నమూనాలో కూడా ఇలాగే ఉంటే పని వేరొకరికి ఇవ్వవలసి వస్తుంది.’”

కొత్తగా కత్తిరించిన జుట్టుతో బావ మా ముందు నిలబడ్డాడు. “ఇప్పుడేమంటారు? కావాలంటే సెలూన్ ఆయన్ని అడగండి. సబ్బు నురగ తప్ప నా నోటి దగ్గరకు ఏదీ రాలేదు.”

అక్క హెడ్‌ఫోన్లు మడిచి పక్కన పెట్టింది. “పోనీలేరా, నీ అంగడి ఎన్నింటికి తెరుస్తావ్?” అని అడిగింది మెల్లగా. నవ్వుతూ కాదు.

మూడో నమూనా పంపవలసిన రోజు మధ్యాహ్నం నేను మరో చట్రం భుజాన వేసుకుని వెళ్ళాను. అక్క గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు స్టాండు మర బిగిస్తోంది. బిగించడానికి వీలుగా మైకును తీసి బల్ల మీద పడుకోబెట్టింది. అంతే, పాము మీద కాలు వేసినట్టు వెనక్కి ఎగిరింది.

“ఒరేయ్... బల్లలో ఎవరో ఉన్నారు.”

హెడ్‌ఫోన్లు నేను పెట్టుకున్నాను. ఇంతకుముందు విన్నది దూరపు చప్పుడు. ఇది చెవిలోపల. ఒకటి కాదు, పది నోళ్ళు. గీకడం, కొరకడం, ఉమ్మినట్టు ఒక తడి చప్పుడు, మళ్ళీ గీకడం. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటోంది. నా పళ్ళ మధ్య ఇసుక పడ్డట్టయింది. మైకు తీసి చట్రానికి ఆనించాను. అక్కడా అదే. తల వెనక దానికి ఆనించాను. అక్కడ ఇంకా జోరుగా ఉంది. చప్పుడు ఆపడానికని తెచ్చి కట్టిన ప్రతి చట్రమూ ఆ చప్పుడే.

“నీ వడ్రంగం పొట్టు ఇంకా రాలుతూనే ఉందిరా. రోజూ పొద్దున్నే ఊడ్చి చస్తున్నాను” అంది అక్క.

“పొట్టా? ఎట్లా ఉంటుంది?”

“మెత్తగా, పిండిలాగ.”

రంపపు పొట్టు పిండిలాగా ఉండదు, రోజూ రాలదు. బావ, నేను కలిసి తలుపు తిరగేశాం. అడుగున తేనెసీసా గారి గౌరవం, అదే, ఆ గోధుమరంగు, అక్కడక్కడ పొక్కులు లేచి ఉంది. కత్తి మొనతో గీకితే రంగుతోపాటు మైనం లేచింది. మైనం వెనక గుండుసూది పట్టేంత కన్నం. దాని పక్కన ఇంకొకటి. పక్కన ఇంకా. అది టేకే, కానీ చేవ కాదు. చెట్టు పైపొర, తెల్లటి చెక్క. పురుగుకు అది మెత్తటి రొట్టె. కత్తి మొన లోపలికి దింపి తిప్పాను. చెక్క బిళ్ళగా ఊడి, దాని వెంట తెల్లగా, బొద్దుగా, వంకర తిరిగిన పురుగు ఒకటి నా అరచేతిలో పడింది. ఒళ్ళంతా మెత్తటి మడతలు. ముందువైపు మాత్రం చిన్న గోధుమరంగు నోరు. అరచేతిలో పడి కూడా ఆ నోరు ఆడుతూనే ఉంది.

చెయ్యి విదిలించాను. అది ఎక్కడ పడిందో తెలియలేదు. అది అన్నిటికన్నా దారుణం. అక్క రెండు కాళ్ళూ కుర్చీ మీదికి తీసుకుంది.

“నేను కాదు!” అని బావ గావుకేక పెట్టాడు. “విన్నారా? నేను కాదు! రెండు వారాలుగా నన్ను తిండిపోతన్నారు. నా ముఖం చూస్తే అసహ్యమన్నావు కదూ?”

“అనలేదు బావా.”

“అనలేదు, చూశావు. అన్నం దగ్గర నా వైపు చూసిన చూపు నాకు తెలియదా? ముందు క్షమించమను, తరువాత ఆ పురుగును వెతుకుదాం.”

క్షమించమన్నాను. తరువాత తేనెసీసాకు ఫోను చేశాను.

“పురుగుందా? శుభం అన్నా!” అన్నాడు. “పురుగు తింటోందంటే అది అసలైన కర్రే కదా. ప్లాస్టిక్కును తింటుందా? నేను చెప్పిన మాట అదే రుజువు చేసింది.”

“మైనం పెట్టి రంగేసి అమ్మావు.”

“నువ్వు పెట్టవా అన్నా మైనం? మనలో మనకు దాపరికమెందుకు.”

పెడతాను. ఖాళీ కన్నాలకు పెడతాను. లోపల కాపురమున్న కన్నాలకు పెట్టను. ఈ తేడా వాడికి చెప్పడం దండగని ఫోను పెట్టేశాను. ఆ తియ్యటి గొంతు చెవిలో జిగురులా అంటుకుపోయింది.

చట్రాలన్నీ విప్పి, దుప్పట్లు లాగి పెరట్లో పడేసి, కలపంతా తలుపుతో సహా వీధిలోకి మోశాం. సాయంత్రం కంపెనీ మూసేలోగా నమూనా వెళ్ళాలి. ఖాళీ గదిలో అక్క ఒక వాక్యం చదివింది. బావిలోంచి మాట్లాడినట్టుంది. ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ గది తలుపు వైపు చూస్తోంది, అద్దెకు ఇస్తే ఎంత వస్తుందో అనుకునేవాళ్ళు చూసినట్టు.

“దుప్పట్లు ఉన్నాయి కదా” అన్నాను.

“చట్రాలేవి?”

“చట్రాలు వద్దు. ఉత్త దుప్పట్లే.”

అక్క నా వైపు చూసిన చూపులో మా అమ్మ కనపడింది. “నన్ను వాటి మధ్య కూర్చోమంటావా? పరదా గుడ్డ కూడా లేకుండా?”

“ఇనుమును పురుగు తినదే అక్కా.”

అంగడికి పరిగెత్తి, సామాన్లు మోసే బండిలో నాలుగు ఇనుప మంచాలు, ఆస్పత్రిలో రోగి ఒళ్ళోకి తోసే చక్రాల ఇనుప బల్ల ఒకటి తెచ్చాను. ఆ బల్ల మీద ఎవరివో మందుసీసాల గుండ్రటి మరకలు. వాటిని రుద్దినా పోవు, అందుకే అది అమ్ముడుపోలేదు. మంచాలు నాలుగువైపులా నిలబెట్టి, బల్ల చక్రాలు కదలకుండా గుడ్డ కుక్కి, దుప్పట్లు రెండేసి మడతలుగా కట్టాం. పైన కూడా ఒకటి కప్పాం. ఉతకగా మిగిలిన ఆ లాడ్జి వాసన, చట్రాల్లోంచి బయటికి రాగానే ఊపిరి తీసుకున్నట్టుగా గదంతా అలుముకుంది. పొగ, సెంటు, తడి, ఎవరి చెమటో. అక్క ముక్కుపుటాలకు తలనొప్పి మందు పూసుకుని, “నా గొంతు పోతే నీ గొంతు పిసుకుతాను” అని, వంగి లోపలికి దూరింది.

మేమిద్దరం బయట నిలబడ్డాం. బావ జేబులు తిరగేసి ఖాళీగా ఉన్నాయని నాకు చూపించాడు. లోపల అక్క చదువుతోంది. ఆ వాసనలో కూర్చుని ఒక్కచోట కూడా ఆమె గొంతు తడబడలేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం వింటూ నేను గోడకు ఆనుకోబోయి, గుమ్మం చెక్క తగిలి వెనక్కి జరిగాను.

చదవడం అయ్యాక అక్క దుప్పటి తోసుకుని బయటపడి, నేరుగా పెరట్లోకి వెళ్ళి కక్కుకుంది. నోరు కడుక్కుని వచ్చి నమూనా పంపింది. మర్నాడు జవాబు వచ్చింది. ఈసారి బావ కాదు, అక్కే చదివింది.

“‘చాలా శుభ్రంగా ఉంది. మొదటి పుస్తకం పంపుతున్నాం’ట.” ఆ ‘శుభ్రంగా’ దగ్గర ఆమె ఒకసారి దుప్పట్ల వైపు చూసి, నా వైపు చూసింది. “నీ అంగడి బతికిందిరా.”

తలుపునూ బద్దలనూ అంగడి వెనక తగలబెట్టాను. మంటలో అవి టప్పు టప్పుమని పేలాయి. చెక్క పేలిందో ఇంకేదైనా పేలిందో నేను దగ్గరికి పోయి చూడలేదు. ఎవరో దారినపోయేవాడు “అయ్యో, టేకులా ఉందే, అమ్మకూడదా?” అన్నాడు. అమ్మవచ్చు. మైనం నా దగ్గరా ఉంది. కానీ ఆ చప్పుడు విన్న చెవులతో ఆ సరుకు వేరొకరి ఇంటికి పంపడానికి నా చెయ్యి రాలేదు.

ఇప్పుడు లెక్క. అక్కకు పని వచ్చింది, రెండో పుస్తకం సగంలో ఉంది. ఆ దుప్పట్ల వాసన ఆమెకు అలవాటైపోయిందట, కొత్తవి తెస్తానంటే వద్దంది. బావకు క్షమాపణ దొరికింది. దాన్ని వాయిదాల మీద రోజూ వసూలు చేసుకుంటున్నాడు. అక్క పాత మైకు, హెడ్‌ఫోన్లు నాకు దక్కాయి. వాటితో కలప కొనడానికి పోతున్నాను. చెక్కకు మైకు ఆనించి నేను కళ్ళు మూసుకోగానే అమ్మేవాళ్ళ ముఖాలు మాడిపోతున్నాయి, ధరలు దిగుతున్నాయి. తేనెసీసా నన్ను చూస్తే షట్టరు దించేస్తున్నాడు. పురుగులేని సరుకు కావాలంటే నా దగ్గరికే రావాలని బజారులో పేరు వచ్చింది. ఇవన్నీ లాభం కిందే రాసుకున్నాను.

ఒకరోజు ఊరికే, మా ఇంటి భోజనాల బల్లకు కూడా మైకు ఆనించి చూశాను. దాన్ని కూడా అదే సాయంత్రం తగలబెట్టాను. ఇప్పుడు ఇంట్లో మంచం ఇనుము, కుర్చీ ఇనుము, బల్ల ఇనుము. బల్ల మీద కంచం పెడితే ఖంగుమంటుంది, అది హాయిగానే ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టగానే మాత్రం ఆ చప్పుడు నా తలలోంచే వస్తోంది. అందుకని కొన్నాళ్ళుగా పాలు, జావ, మజ్జిగ. నికరంగా నాకు మిగిలింది ఒక జత చెవులు. తిరిగి ఇచ్చేద్దామంటే తీసుకునేవాడు లేడు.